ఫారంలో ఈమెయిల్ చెకింగ్: సరైన అడ్రస్‌లు కూడా రిజెక్ట్ అవుతున్నాయి

కాకినాడ_కుర్రోడు: అన్నలూ, ఒక ట్రైనింగ్ సెంటర్ వాళ్ళకి పీహెచ్‌పీలో అప్లికేషన్ ఫారం చేసిచ్చాను. ఈమెయిల్‌కి నెట్‌లో దొరికిన రెజెక్స్ (అక్షరాలు ఏ వరుసలో ఉండాలో చెప్పే నమూనా) పెట్టా, చివరి డాట్ తర్వాత 2 నుంచి 4 అక్షరాలు అని ఉంటుందే, అదే. నిన్న ఒకమ్మాయి ఫోన్ చేసి నా మెయిల్ తీసుకోవట్లేదండీ అంది, చూస్తే అందులో ప్లస్ గుర్తుంది. ఇంకొకళ్ళది డాట్ ఆన్‌లైన్. రేపే లాస్ట్ డేట్, ఏం చేయను?

ఓరుగల్లు_వెబ్: తమ్మీ, ఆ 2-4 లెక్క ఎప్పుడో పోయింది. డాట్ మ్యూజియం 2001లనే వచ్చింది, 2013 చివర్నుంచి కొత్త డొమైన్లు వందలకు వందలు దిగినయ్. ఆ రెజెక్స్ తీసేసి పీహెచ్‌పీలనే ఉన్న ఫిల్టర్_వార్ ఫంక్షన్ పెట్టు, ఫిల్టర్_వ్యాలిడేట్_ఈమెయిల్ తోని. ప్లస్ తీసుకుంటది, అపాస్ట్రఫీ కూడా తీసుకుంటది.

శ్రావణి_కోడ్స్: దానికంటే ముందు ట్రిమ్ చెయ్యండి, అంటే ముందూ వెనకా ఉన్న స్పేస్‌లు తీసెయ్యండి, ప్లీజ్. మా ఊరి నెట్ సెంటర్లో ఒక పెద్దాయన్ని చూశాను, ఫోన్లో కీబోర్డు మీద సజెషన్ వస్తుంది కదా అది నొక్కాడు, అడ్రస్ చివర స్పేస్ పడింది, అది కంటికి కనపడదు, మూడుసార్లు కొట్టినా ఎర్ర అక్షరాలే వస్తుంటే తన మెయిలే పాడైందనుకుని మనవడి మెయిల్ ఇచ్చేసి వెళ్ళిపోయాడు. ఆ బాక్స్ టైప్ టెక్స్ట్ అని కాకుండా ఈమెయిల్ అని పెట్టి ఉంటే బ్రౌజరే ఆ స్పేస్ తీసేసేది. అలా అని బ్రౌజర్‌ని నమ్మి సర్వర్లో చెకింగ్ మానేయకండి.

బెజవాడ_బ్యాకెండ్: రెజెక్స్‌లో ఇంకో చిక్కుంది. ఇక్కడితో అయిపోవాలి అని చివర డాలర్ గుర్తు పెడితే, అడ్రస్ వెనకాల ఒక న్యూలైన్ (కొత్త లైన్ మొదలుపెట్టే గుర్తు) ఉన్నా పాసైపోతుంది. రెజెక్స్ వెనక పెద్ద డి (D) మాడిఫయర్ పెడితే ఆగుతుంది. అడ్రస్‌ని చెక్ చేయకుండా తిన్నగా మెయిల్ హెడర్‌లో (ఎవరి నుంచి, ఎవరికి అని ఉండే పై భాగంలో) పెట్టారనుకోండి, ఎవడో న్యూలైన్ కొట్టి దాని కింద బీసీసీ లైన్ (చాటుగా కాపీ పోయే అడ్రస్‌లు) రాసేస్తాడు, మీ ఫారం నుంచి స్పామ్ పోతుంది. మా క్లయింట్ ఒకళ్ళ సర్వర్ అలాగే బ్లాక్‌లిస్ట్‌లో పడింది, వారం రోజులు అసలు మెయిల్స్ కూడా ఎవరికీ చేరలేదు.

కాకినాడ_కుర్రోడు: డొమైన్ ఉందో లేదో చెక్‌డీఎన్‌ఎస్ఆర్ఆర్‌తో (డొమైన్ రికార్డులు వెతికే ఫంక్షన్) చూడొచ్చా?

ఓరుగల్లు_వెబ్: చూడొచ్చు గానీ ఎంఎక్స్ (మెయిల్ ఏ సర్వర్‌కు పోవాలో చెప్పే రికార్డు) లేదని ఆపేయకు, అది లేకుంటే మెయిల్ డొమైన్ ఐపీ అడ్రస్ ఉండే 'A' రికార్డుకే పోతది. జీమెయిల్ స్పెల్లింగ్ తప్పు కొట్టినోళ్ళకు 'ఇది జీమెయిలేనా, ఒకసారి చూడండి' అని అడుగు, ఆపకు. అడ్రస్ వాళ్ళదేనా కాదా అన్నది మాత్రం కన్ఫర్మేషన్ లింక్ పంపితేనే తెలుస్తది, ఏ రెజెక్స్ చెప్పదు.

శ్రావణి_కోడ్స్: డాట్ భారత్ అని తెలుగులోనే ఉండే డొమైన్లు కూడా ఉన్నాయి. పీహెచ్‌పీ 7.1 నుంచి ఫిల్టర్_వార్‌కి ఇంగ్లిష్ కాని లిపుల్నీ తీసుకునే యూనికోడ్ ఫ్లాగ్ ఉంది కానీ అది అట్ గుర్తుకి ముందు భాగానికే, డొమైన్‌ని ఐడీఎన్_టు_ఆస్కీ ఫంక్షన్‌తో ఇంగ్లిష్ అక్షరాల రూపంలోకి మార్చి అప్పుడు చెక్ చెయ్యాలి. మన ఫారాలే మన లిపిని తోసేస్తే బాధేస్తుంది నాకు.

కాకినాడ_కుర్రోడు: మార్చేశా. ఆ అమ్మాయిది ఇప్పుడే సబ్మిట్ అయింది. లాగ్‌లో చూస్తే రిజెక్ట్ అయినవి ఇంకో 11 ఉన్నాయి, ఫోన్ నంబర్లున్నాయి కాబట్టి ఒక్కొక్కళ్ళకీ కాల్ చేస్తున్నా, నలుగురు ఎత్తారు.