ఖగోళశాస్త్రంలో ఆడవాళ్లకు మాత్రమే అవార్డులు ఉండాలా, వద్దా?

వేగుచుక్క:
చాలా రోజులుగా నలుగుతున్న ప్రశ్న, ఇక్కడే అడిగేస్తున్నాను. అమెరికన్ ఆస్ట్రనామికల్ సొసైటీ యానీ జంప్ కానన్ పేరుతో ఒక అవార్డు ఇస్తుంది. పీహెచ్‌డీ పూర్తయి ఐదేళ్లు దాటని మహిళలకు మాత్రమే. కానన్ అంటే దాదాపు మూడున్నర లక్షల నక్షత్రాలను వర్గీకరించిన మనిషి, ఆమె పేరు పెట్టడంలో తప్పేం లేదు. కానీ 1970ల మొదట్లో ఈ అవార్డు మార్గరెట్ బర్బిడ్జ్‌కి ఇస్తామంటే ఆమె వద్దన్నారు. ఆడవాళ్లకు వ్యతిరేకంగా చూపే తేడానే కాదు, అనుకూలంగా చూపే తేడా కూడా పోవాలన్నది ఆమె అభిప్రాయం. మూలకాలు నక్షత్రాల్లో ఎలా తయారవుతాయో వివరించిన 1957 నాటి ప్రసిద్ధ పేపర్ రాసిన నలుగురిలో ఆమె ఒకరు, కాబట్టి ఆ మాటను తేలిగ్గా తీసుకోలేం. నేను ఆమె పక్షమే. అవార్డు "మహిళలకు మాత్రమే" అని ఉందంటే, చూసినవాళ్లు ముందు అనుకునేది మగవాళ్లతో పోటీ పడి గెలిచింది కాదని. మీరేమంటారు?

తోకచుక్క:
నేను ఒప్పుకోను వేగుచుక్క గారూ. అదే బర్బిడ్జ్ 1950ల్లో అమెరికాలోని మౌంట్ విల్సన్ అబ్జర్వేటరీలో పరిశీలన చేయాలంటే కాగితాల మీద భర్త జెఫ్రీ పేరు పెట్టి, తను ఆయన సహాయకురాలిగా వెళ్లాల్సి వచ్చింది. ఆయనేమో థియరీ మనిషి, టెలిస్కోప్ పని తెలిసింది ఈవిడకి. పాలోమార్ అబ్జర్వేటరీలో అయితే 1965లో వేరా రూబిన్ వెళ్లేదాకా ఒక్క మహిళకూ అధికారికంగా టెలిస్కోప్ సమయం ఇవ్వలేదు, ఆడవాళ్లకు బాత్రూమ్ లేదన్నది వాళ్లు చెప్పిన ఒక కారణం. రూబిన్ కాగితాన్ని లంగా ఆకారంలో కత్తిరించి, తలుపు మీదున్న మగ బొమ్మకు అతికించి, ఇదిగో ఇప్పుడు బాత్రూమ్ ఉంది అన్నారట. పరుగుపందెంలో కొందరిని గేటు బయటే నిలబెట్టి, తర్వాత అందరికీ ఒకే పతకం చాలు అనడం న్యాయమా?

నా సంగతి కూడా చెప్తాను. ఎమ్మెస్సీలో ఒక అబ్జర్వేటరీకి ట్రైనింగ్‌కి వెళ్లాం, గ్రూపుకి నలుగురం, అందులో అమ్మాయిని నేనొక్కదాన్నే. మొదటి రాత్రే ఒకతను "నీ చేతిరాత బాగుంటుంది కదా, లాగ్‌బుక్ నువ్వు రాయి" అన్నాడు. చెడ్డవాడేం కాదు, నిజంగా మెచ్చుకునే అన్నాడు. నాలుగు రాత్రులూ టైము, ఫిల్టరు, ఎక్స్‌పోజరు, మబ్బు పట్టిందా లేదా, అన్నీ ఎర్రలైటు వెలుగులో రాస్తూ కూర్చున్నాను. ఐదో రోజు టెలిస్కోప్‌ని ఒక నక్షత్రం మీదికి తిప్పమంటే నా చెయ్యి ఆడలేదు. అందరూ నాకు రాదనుకున్నారు, నేనూ అలాగే అనుకున్నాను.

లెక్కలమాస్టారు:
తోకచుక్క గారు చెప్పింది చదివితే బాధేసింది, కానీ దానికి మందు అవార్డు కాదు. పేరు కనిపించకుండా చేయండి చాలు. హబుల్ టెలిస్కోప్ సమయం కోసం ఏటా వచ్చే ప్రపోజల్స్ లెక్క తీస్తే, ఆడవాళ్లు లీడ్ చేసినవాటి ఎంపిక శాతం పదేళ్లకు పైగా వరసగా ప్రతి రౌండులోనూ మగవాళ్ల కంటే కాస్త తక్కువగానే వచ్చింది. 2018లో, అంటే 26వ రౌండులో, ప్రపోజల్ ఎవరిదో సమీక్షకులకు తెలియకుండా చేశారు. ఆడవాళ్లకు 8.7 శాతం, మగవాళ్లకు 8.0 శాతం. ఒక్క రౌండు తేడా చూసి గెలిచాం అనను, కానీ నాకు నచ్చిన విషయం ఇంకొకటి ఉంది. సమీక్ష జరిగే గదిలో ప్రత్యేకంగా ఒక మనిషిని కూర్చోబెట్టారు. చర్చ సైన్స్ వదిలేసి "ఇది ఫలానా వాళ్ల గ్రూపే అయ్యుంటుంది" అనే వైపు మళ్లితే వెంటనే ఆపడం ఒక్కటే ఆ మనిషి పని. ఇంతకుముందెప్పుడూ హబుల్ సమయం దొరకనివాళ్లకి కూడా దారి తెరుచుకుంది, అందులో మగవాళ్లూ ఉన్నారు. ఎవరికీ ప్రత్యేకంగా ఇచ్చిందేం లేదు, ఎవరి దగ్గరా లాక్కున్నదీ లేదు.

నీలాకాశం:
మాస్టారూ, ప్రపోజల్ రాసే దాకా వచ్చినవాళ్ల సంగతి మీరు చెప్తున్నారు. లాగ్‌బుక్ దగ్గరే ఆగిపోయినవాళ్ల పేరు దాస్తే ఏం లాభం, అక్కడ దాచడానికి ప్రపోజలే లేదు కదా.

వేగుచుక్క గారికి కూడా ఒక మాట. "మొదటి మహిళ" అని పొగిడినంత మాత్రాన తలుపు తెరుచుకోదు, అది నిజమే. తెరెష్కోవా 1963లో దాదాపు మూడు రోజులు అంతరిక్షంలో తిరిగొచ్చారు. రెండో మహిళ స్వెత్లానా సవిత్స్కయా వెళ్లింది 1982లో. మధ్యలో 19 ఏళ్లు! ఆ 19 ఏళ్లలో సమర్థురాలు ఒక్కతీ పుట్టలేదా? ఎవరూ పిలవలేదు, అంతే. ఇంకా దగ్గరి ఉదాహరణ కావాలంటే 2019 మార్చి చూడండి. ఇద్దరు మహిళలు కలిసి స్పేస్‌వాక్ చేయాల్సింది, ఇద్దరికీ స్పేస్‌సూటులో మీడియం సైజు పై భాగం సరిపోతుంది, కానీ వెంటనే వాడుకోవడానికి సిద్ధంగా ఉన్నది ఒక్కటే. దాంతో ఒకరు ఆగిపోయారు. అక్టోబర్‌లో క్రిస్టినా కోక్, జెస్సికా మీర్ బయటికి వెళ్లి ఏడు గంటలకు పైగా పనిచేసి వచ్చారు. సామర్థ్యానికి మార్చిలోనూ లోటు లేదు, అప్పుడు లేనిది సిద్ధంగా ఉన్న రెండో సూటు ఒక్కటే. నా దృష్టిలో గొడవంతా ఇలాంటి ఏర్పాట్ల దగ్గరే ఉంది. అవార్డు ఉన్నా లేకపోయినా ఆ సూటు ఎవరో ఒకరు సిద్ధం చేయాలి.

వేగుచుక్క:
నీలాకాశం గారి మాటతో నా ప్రశ్నే కొంచెం మారింది. పతకం వేరు, అవకాశం వేరు, నేను రెండూ కలిపేశాను.

జోసెలిన్ బెల్ బర్నెల్ సంగతి తీసుకుందాం. 1967లో ఆమె పరిశోధక విద్యార్థిని, రేడియో టెలిస్కోప్ నుంచి రోజుకు దాదాపు 30 మీటర్ల చార్టు కాగితం బయటికొచ్చేది, అదంతా కంటితో చూసుకుంటూ పోవడమే పని. అందులో పావు అంగుళం మేర ఏదో అర్థంకాని గీతలు. వదిలేయొచ్చు, ఆమె వదల్లేదు. 1.3 సెకన్లకోసారి కచ్చితంగా కొట్టుకుంటున్న పల్సర్, అంటే గుండ్రంగా తిరుగుతూ రేడియో తరంగాలు పంపే నక్షత్రం, అలా దొరికింది. 1974 నోబెల్ ఆమె గైడ్ హ్యూయిష్‌కి, మార్టిన్ రైల్‌కి వెళ్లింది. 2018లో ఆమెకు 30 లక్షల డాలర్ల బహుమతి వస్తే మొత్తం స్కాలర్‌షిప్‌లకు ఇచ్చేశారు, ఫిజిక్స్‌లో తక్కువగా కనిపించే వర్గాల విద్యార్థుల కోసం, ఆడవాళ్లతో సహా. అలా కింద మెట్టు మీద ఉన్నవాళ్లకు ఇచ్చే డబ్బు మీద నాకు అభ్యంతరం లేదు, ఎంతైనా ఇవ్వాలి. పని పూర్తయ్యాక ఇచ్చే పతకాన్ని మాత్రం ఆడ, మగ అని విడదీయొద్దంటాను. ఈ రెండో మాట మీద ఇంకా గట్టిగానే ఉన్నాను.

తోకచుక్క:
స్కాలర్‌షిప్‌ల దగ్గర కలిశాం, సంతోషం. కానన్ అవార్డు ఇచ్చేది కూడా ఉద్యోగం వెతుక్కునే తొలి ఏళ్లలోనే కదా, అప్పుడు రెజ్యూమేలో ఆ ఒక్క లైనూ ఇంటర్వ్యూ దాకా తీసుకెళ్తుంది, అందుకే నేను దాన్ని పతకం కింద కాదు, మీరు చెప్పిన ఆ కింద మెట్టు కిందే లెక్కేస్తాను.

మాస్టారూ, మీరు చెప్పిన ఆ గదిలో మనిషి ఆలోచన నాకు బాగా నచ్చింది. నేను ఇప్పుడు స్కూలు పిల్లలకు టెలిస్కోప్ చూపిస్తుంటాను. ఐపీస్ (కన్ను పెట్టి చూసే చోటు) దగ్గర, ఫైండర్ (గురి చూసే చిన్న టెలిస్కోప్) దగ్గర, లాగ్‌బుక్ దగ్గర ఎవరుండాలో ముందే చీటీ మీద రాసి, పావుగంటకోసారి మార్చేస్తాను. మొన్న ఒక అమ్మాయి రెండుసార్లు శనిగ్రహం తప్పిపోయి, మూడోసారి తనే పట్టుకుంది. పక్కనున్న అబ్బాయి "నేను పెడతానుండు" అని చెయ్యి చాపాడు, వాడి వంతు రావడానికి ఇంకా ఏడు నిమిషాలు ఉంది, అందుకే లాగ్‌బుక్ రాస్తూ ఆగాడు.