తంజావూరు వారసత్వంలో తెలుగు వాటా అడగడం తప్పా?

కృష్ణాతీరం:
పోయిన వారం కుటుంబంతో తంజావూరు వెళ్ళి వచ్చాను. పెద్దగుడి, కోట, సరస్వతీ మహలు, తిరువయ్యారు అన్నీ చూశాం. మాకు చూపించడానికి మాట్లాడుకున్న గైడు మంచివాడే, మూడు గంటలు గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. తమిళ వారసత్వం అన్న మాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టలేదు గానీ తెలుగు అన్న మాట ఒక్కసారి కూడా రాలేదు. దాదాపు నూట నలభై ఏళ్ళు ఆ ఊరిని ఏలిన నాయక రాజులు తెలుగువాళ్ళు. రఘునాథ నాయకుడు స్వయంగా తెలుగు కవి. త్యాగయ్య పాడింది తెలుగులో. ఆ మాటే అంటే ఆయన నవ్వి, ‘‘వాళ్ళంతా ఇక్కడివాళ్ళే కదా సార్’’ అన్నాడు. తమిళనాడు తన గొప్ప చెప్పుకునేటప్పుడు మన పేరు తుడిచేస్తోందా, లేక నేనే ఎక్కువ ఊహించుకుంటున్నానా?

గడుసరి:
తుడిచేస్తోంది. ఇందులో అనుమానం దేనికి? మద్రాసు పోయింది, తిరుత్తణి పోయింది, ఇప్పుడు త్యాగయ్య కూడా. పొట్టి శ్రీరాములు ప్రాణం విడిచిన ఊళ్ళోనే మనం పరాయివాళ్ళం.

చరిత్రపిచ్చి:
గడుసరి గారూ, తిరుత్తణి ఒక్కటే చెబితే ఎలా? 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి అటు వెళ్ళింది, సత్యవేడు ఇటు వచ్చింది. రెండు రాష్ట్రాల మధ్య మధ్యవర్తిగా పటాస్కర్ కూర్చుని తేల్చిన ఇచ్చిపుచ్చుకోవడం అది. తమిళుల వైపు నుంచి చూస్తే పోయింది వాళ్ళకే. తమిళం మాట్లాడే నేలకు ఉత్తరాన వేంకటం, దక్షిణాన కుమరి హద్దులని వాళ్ళ ప్రాచీన వ్యాకరణం తొల్కాప్పియం ముందుమాటలోనే ఉంది. ఆ వేంకటం మన తిరుమల కొండే. తమిళ నాయకుడు మ.పొ.శివజ్ఞానం ఆ పాత హద్దును పట్టుకునే తిరుపతి కోసం ఉద్యమం చేశాడు. మనం ‘మద్రాసు మనదే’ అన్న రోజుల్లో వాళ్ళు ‘తిరుపతి మాది’ అంటున్నారు.

ఇంకొక సంగతి. మనకు పొట్టి శ్రీరాములు ఉన్నట్టే వాళ్ళకు శంకరలింగనార్ ఉన్నాడు. మద్రాసు రాష్ట్రానికి తమిళనాడు అని పేరు పెట్టాలన్నది ప్రధాన కోరికగా విరుదునగర్‌లో నిరాహార దీక్షకు కూర్చుని 1956 అక్టోబరులో చనిపోయాడు. ఆ పేరు కోసం శాసనసభ తీర్మానం 1967 జులై 18న అణ్ణాదురై హయాంలో జరిగితే, అమల్లోకి వచ్చింది 1969 జనవరి 14న. సొంత పేరు కోసం అన్నేళ్ళు ఎదురుచూసినవాళ్ళు ఆ పేరును కాస్త గట్టిగా పలికితే నాకు తప్పనిపించదు.

కావేరిగట్టు:
నేను కుంభకోణంలో ఉంటాను. మా పూర్వులు ఏ కాలంలో ఇటు వచ్చారో ఇంట్లో ఎవరికీ తెలియదు. ఇంట్లో తెలుగు మాట్లాడతాం, కిరాణా చీటీ తమిళంలో రాస్తాం. తెలుగు అక్షరాలు నేను ముప్పై దాటాక నేర్చుకున్నాను. కాబట్టి ఈ తగవులో నన్ను ఏ పక్షంలో కూర్చోబెడతారో మీ ఇష్టం.

పెద్దగుడి సంగతి చూడండి. 1010లో పూర్తయిన ఆ గుడి గోడల నిండా రాజరాజ చోళుడు వేయించిన తమిళ శాసనాలే. నాలుగు వందల మంది నాట్యకత్తెల పేర్లు, ఎవరిని ఏ ఊరి గుడి నుంచి తెచ్చారో, ఏ వీధిలో ఎన్నో ఇల్లు ఇచ్చారో, తలా ఏడాదికి నూరు కలాల (కలం అంటే ఆనాటి ధాన్యపు కొలత) వడ్లు ఇవ్వాలనీ, అన్నీ రాతిలో ఉన్నాయి. ఒక కొలువు తన చిట్టా మొత్తం తమిళంలో చెక్కించుకుంటే దాన్ని తమిళ వారసత్వం అనక మరేమనాలి? అదే ప్రాంగణంలోని సుబ్రహ్మణ్యుడి గుడి నాయకుల కాలానిది. 1803లో మరాఠా రాజు శరభోజి చెక్కించిన భోంస్లే వంశచరిత్ర మరాఠీలో ఉంది. గర్భగుడి చుట్టూ ఉన్న చీకటి నడవలో నాయకుల కాలపు బొమ్మలు పెచ్చులూడిన చోట, అడుగున చోళుల బొమ్మలున్నాయని 1931లో ఎస్.కె.గోవిందస్వామి కనిపెట్టాడు. తరువాత పురావస్తు శాఖ పైపొరను ఒలిచి వేరే పలకల మీదికి ఎక్కించి, రెండింటినీ కాపాడింది. తుడిచేయాలనుకుంటే అంతకంటే సులువైన అవకాశం దొరకదు. గోకి పారేస్తే సరిపోయేది.

చోళులు అచ్చంగా తమిళులు, మనం అచ్చంగా తెలుగువాళ్ళం అని గీసుకున్న గీత కూడా నిలవదు. నన్నయను పోషించిన రాజరాజ నరేంద్రుడి తల్లి కుందవ్వ రాజరాజ చోళుడి కూతురు. భార్య అమ్మంగ దేవి రాజేంద్ర చోళుడి కూతురు. ఆ దంపతుల కొడుకే 1070లో చోళ సింహాసనం ఎక్కి కులోత్తుంగుడయ్యాడు. తండ్రి కొలువులో భారతం తెలుగైంది. కొడుకు కొలువులో జయంగొండార్ కళింగ విజయం మీద తమిళంలో పరణి, అంటే యుద్ధకావ్యం, రాశాడు. ఆ ఇంట్లో ఎవరి వాటా ఎంతో పంచి చూపించండి.

గైడు తెలుగు పేరెత్తకపోవడం లోటే, కాదనను. కానీ ‘ఇక్కడివాళ్ళే’ అన్నాడు చూడండి, ఆ మాట నాకు నచ్చింది. మా ఇంటి సంగతీ అంతే కదా.

గడుసరి:
పురావస్తు శాఖ కేంద్ర ప్రభుత్వానిది. ఆ పుణ్యం చెన్నై ఖాతాలో వేయకండి.

కావేరిగట్టు:
ఒప్పుకున్నాను. కనిపెట్టిన గోవిందస్వామి మాత్రం అణ్ణామలై విశ్వవిద్యాలయం వాడు.

తానం:
త్యాగయ్య పేరు వచ్చింది కాబట్టి నేనూ దిగుతున్నాను. ఘనరాగ పంచరత్నాలు అయిదూ తెలుగే అని మనవాళ్ళు తడుముకోకుండా అనేస్తారు. నాలుగే తెలుగు. నాట రాగంలోని మొదటిది, ‘జగదానందకారక’, సంస్కృతం. వాటా అడిగేటప్పుడు లెక్క సరిగ్గా ఉండాలి.

సంగీతంలో ఎవరు ఎవరిని తుడిచారో అడిగితే తమిళులు చెప్పే కథ వేరు. 1940ల నాటికి మద్రాసు కచేరీల్లో మొదటి నుంచి చివరి దాకా తెలుగు, సంస్కృత కీర్తనలే పెద్దపీట మీద ఉండేవి. తమిళ పాట చివర్లో, జనం చెప్పులు వెతుక్కునే వేళ, తుక్కడాగా వచ్చేది. సొంత ఊళ్ళో సొంత భాషకు ఆ గతేమిటన్న బాధలోంచే తమిళ ఇసై (తమిళ సంగీతం) ఉద్యమం వచ్చింది. రాజా అణ్ణామలై చెట్టియార్ అండతో 1943లో తమిళ ఇసై సంఘం ఏర్పడింది. శీర్కాళి ముత్తుతాండవర్, అరుణాచల కవి, మారిముత్తా పిళ్ళై మన త్యాగయ్య కంటే ముందే తమిళంలో కీర్తనలు కట్టారు. వాళ్ళకంటే ఎన్నో వందల ఏళ్ళ ముందు నుంచి దేవార పదికాలను, అంటే తమిళ శివస్తుతులను, పణ్‌లనే పాత తమిళ రాగాల్లో ఓదువార్లనే గుడి గాయకులు గుళ్ళలో పాడుతూనే ఉన్నారు. మీలో ఎంతమంది విన్నారు? నేనూ నలభై దాటాకే విన్నాను, సిగ్గుపడుతూ చెబుతున్నాను.

అంతకీ త్యాగయ్య సమాధి మీద గుడి కట్టించింది బెంగళూరు నాగరత్నమ్మ. ముద్దుపళని తెలుగు కావ్యాన్ని 1910లో పూర్తి పాఠంతో అచ్చువేయించిన మనిషీ ఆమే. ముద్దుపళని తంజావూరులో మరాఠా రాజు ప్రతాపసింహుడి కాలపు కవయిత్రి. ఆ పుస్తకాన్ని బూతు అని ఈసడించింది మన తెలుగు పండితులే, తమిళులు కాదు.

హోసూరు నుంచి:
మీరంతా రాజుల గురించి మాట్లాడుతున్నారు. 2011 జనాభా లెక్కల్లో తమిళనాడులో తెలుగు మాతృభాషగా రాయించుకున్నవాళ్ళు 42 లక్షల మంది, ఆరు శాతానికి కాస్త తక్కువ. 2006లో తమిళాన్ని బడిలో తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది. ఒకటో తరగతిలో మొదలుపెట్టి ఏడాదికి ఒక తరగతి చొప్పున పదో తరగతి దాకా. మా వైపు పిల్లలకు తమిళం రావడం మంచిదే, ఆ నేల మీద బతుకుతున్నాం. కానీ తెలుగు అక్షరాలు చదవగలిగే పిల్లలు ఇప్పుడు ఏ వీధిలో ఎందరున్నారో వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. నాకు తంజావూరు కోటలో వాటా వద్దు. మా ఊరి బడిలో ఒక తెలుగు పంతులు చాలు.

కి.రాజనారాయణన్ పేరు విన్నారా? కోవిల్‌పట్టి దగ్గర ఇడైసెవల్ ఆయన ఊరు. ఇంటిభాష తెలుగు, రాసింది తమిళంలో. మన వైపు నుంచి వలస వెళ్ళి నల్లరేగడి నేలల్లో స్థిరపడ్డ తెలుగు కుటుంబాల కథ చెప్పాడు. 1991లో సాహిత్య అకాడెమీ పురస్కారం వచ్చింది, తమిళానికి. తమిళులు ఆయన్ని నెత్తిన పెట్టుకున్నారు. ఇక్కడ వాటా అడిగేవాళ్ళలో ఆయన్ని చదివినవారు చేతులెత్తండి.

గడుసరి:
ఎత్తలేదు. చదువుతాను.

కృష్ణాతీరం:
ఇంత వస్తుందనుకోలేదు. కావేరిగట్టు గారూ, మళ్ళీ అటు వస్తే రాతలోనో రాతిలోనో కాకుండా, మనుషుల నోట తెలుగు వినాలంటే ఎక్కడికి వెళ్ళాలి?

కావేరిగట్టు:
తంజావూరు దగ్గర మెలట్టూరు రండి. తంజావూరు నాయక రాజు అచ్యుతప్ప నాయకుడు దానమిచ్చిన అగ్రహారం. వేంకటరామశాస్త్రి రాసిన తెలుగు నాటకాలను భాగవత మేళమనే నృత్యనాటకంగా నేటికీ నరసింహ జయంతికి ఆడతారు. వేషాలన్నీ మగవాళ్ళే వేస్తారు. ప్రహ్లాదుడి నాటకం రాత్రి పొద్దుపోయాక మొదలై తెల్లవారే దాకా సాగుతుంది, కాబట్టి పగలు పడుకుని రండి. వేషధారుల్లో చాలామంది ఇంట్లో మాట్లాడేది తమిళం. తెలుగు తెలిసినవాళ్ళని తెలిస్తే పక్కన కూర్చున్నవాళ్ళు దరువుల (నాటకంలోని పాటల) అర్థం అడుగుతారు, చెప్పగలిగేలా సిద్ధపడి రండి.

గడుసరి:
నేనూ వస్తాను. దారిలో తిరుత్తణిలో ఆగుదాం.