బెంగళూరు కాన్ఫరెన్స్‌కి నలుగురా, ఒంగోలు ల్యాబ్‌లో అరవై మందా?

ఒంగోలు సీఎస్‌ఈ లెక్చరర్: మూడో ఏడాది అమ్మాయిల కోసం మా కంప్యూటర్ సైన్స్ (సీఎస్‌ఈ) డిపార్ట్‌మెంట్‌లో కాస్త డబ్బుంది. బెంగళూరులో జరిగే మహిళా టెక్ కాన్ఫరెన్స్‌కి నలుగుర్ని పంపుదామని కొందరు, అదే డబ్బుతో మన ల్యాబ్‌లోనే అరవై మందికి రెండు రోజుల వర్క్‌షాప్ పెడదామని కొందరు. ఏది మేలు? ఊరికే "ఎక్స్‌పోజర్" అని రాయొద్దు, ప్రిన్సిపాల్ గారి దగ్గర ఆ మాట చెల్లదు.

కావలి కోడర్: నా ఓటు ల్యాబ్‌కే మేడం. కాన్ఫరెన్స్‌లో కంపెనీల స్టాల్ దగ్గర కూర్చున్న హెచ్‌ఆర్ వాళ్లు చేసేదేంది? రెజ్యూమె తీసుకుని, "మా కెరీర్స్ పేజీలో అప్లై చెయ్యమ్మా" అని క్యూఆర్ కోడ్ చూపిస్తారు. ఆ పేజీ కావల్లో కూర్చున్నా తెరుచుకుంటుంది. పైగా మూడో ఏడాది వాళ్లకి అక్కడ దొరికితే ఇంటర్న్‌షిప్పే. దానికీ సీజీపీఏ (మార్కుల సగటు) కటాఫ్, బ్యాక్‌లాగ్ (తప్పిన సబ్జెక్టు) ఉండకూడదనే షరతు మామూలే. టీషర్ట్, సంచీ, నాలుగు స్టిక్కర్లు తెచ్చుకోడానికి అంత దూరం ఎందుకు?

పెన్నా గట్టు: కోడర్ అన్నా, స్టాల్ సంగతి సగమే చెప్పారు. ఇలాంటి చోట్ల నిర్వాహకులు చాలాసార్లు రెజ్యూమెలు ముందే అప్‌లోడ్ చేయించుకుంటారు. కంపెనీలు వాటిని వడపోసి, కొందరిని అక్కడే మాట్లాడ్డానికి పిలుస్తాయి. మనోళ్లు ఆ గడువు దాటాక పోయి, లైన్లో నిలబడి, ఉత్త చేతుల్తో వస్తారు. తప్పు కాన్ఫరెన్స్‌ది కాదు.

పంపేటట్టయితే వరస ఇది. రెజ్యూమె ఒకే పేజీ. పైన గిట్‌హబ్ (మనం రాసిన కోడ్ పెట్టుకునే సైటు) లింకు, దాన్లో నడిచే ప్రాజెక్టు ఒకటి, అదేంటో ఎలా నడపాలో చెప్పే రీడ్‌మీ ఫైలు. నెట్‌లో దించిన "లైబ్రరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్" పెడితే రెండో ప్రశ్నకే దొరికిపోతారు. "ఈ టేబుల్‌కి ఇండెక్స్ ఎందుకు పెట్టావ్?" అంటే నోరు పెగలదు. అర నిమిషంలో ఏం చేశానో, ఏం వెతుకుతున్నానో తెలుగులో రాసుకుని, ఇంగ్లీషులో పైకి చదివి అలవాటు చెయ్యాలి. కాగితం కాపీలు పదిహేను చాలు. మాట్లాడినవాళ్ల పేరు, ఏ సంగతి మీద మాట్లాడారో అప్పుడే ఫోన్లో రాసుకుని, రెండు రోజుల్లోపు ఆ సంగతి ఎత్తుతూ మెసేజ్ పెట్టాలి. ఉత్త "హాయ్ మేడం, రెఫరల్ ప్లీజ్"కి జవాబు రాదు.

సెషన్ల విషయానికొస్తే, ఒకే టైంలో నాలుగైదు నడుస్తుంటాయి. పెద్ద హాల్లో ప్రసంగాలు తర్వాత వీడియోలో దొరకొచ్చు. చేత్తో చేయించే వర్క్‌షాపులు దొరకవు, సీట్లు తక్కువ, పేరు ముందే రాయించుకోవాలి. నలుగురూ ఒకే గదిలో కూర్చుంటే ఒకర్ని పంపినట్టే లెక్క.

కందుకూరు వాసి: ఆడపిల్లలకి వేరే కాన్ఫరెన్స్ ఏంటండీ? చదువుకి ఆడా మగా తేడా ఉందా?

పెన్నా గట్టు: చదువుకి లేదండీ, క్యూలో ఉంది. అమెరికాలో 1994లో అనితా బోర్గ్, టెల్లీ విట్నీ మొదలుపెట్టిన మహిళా టెక్ సదస్సు గ్రేస్ హాపర్ సెలబ్రేషన్‌నే చూడండి. 2023లో ఓర్లాండోలో ఉద్యోగాల మేళాకి మగవాళ్లు పెద్ద సంఖ్యలో వచ్చి వరసలు ఆక్రమించారని గొడవైంది. రావద్దని ఆపడానికి అక్కడి చట్టం ఒప్పుకోదు. సదస్సు పెట్టిందే ఆడవాళ్ల కోసమైనా వాళ్లే వెనకబడ్డారు. మన దేశంలో అదే సదస్సు 2010 నుంచి నడుస్తోంది.

సింహపురి సిస్టమ్స్: ల్యాబ్ వైపు వాళ్లు ఒక లెక్క మర్చిపోతున్నారు. అరవై సిస్టమ్‌లలో ఒకేసారి ఒక జీబీ సాఫ్ట్‌వేర్ దించితే 60 జీబీ. కాలేజీ ఇంటర్నెట్ లైను 100 ఎంబీపీఎస్ అనుకుంటే, అది పూర్తి వేగంతో వచ్చినా 80 నిమిషాలు. పూర్తి వేగం ఎప్పుడొచ్చింది గనక! మొదటి పూట మొత్తం గిరగిరా తిరిగే చక్రాన్ని చూడ్డంతోనే సరి. ముందురోజే ఒక మెషీన్లో దించి, లోపలి నెట్‌వర్క్‌లో షేర్ ఫోల్డర్ పెట్టండి. అడ్మిన్ పాస్‌వర్డ్ తెలిసిన ల్యాబ్ అసిస్టెంట్ ఆ రెండ్రోజులూ సెలవు పెట్టకుండా చూడండి (నవ్వకండి, వర్క్‌షాపులు ఆగేది ఎక్కువగా ఇక్కడే). అరవై మందికి చెప్పేవాళ్లు ఒక్కరైతే చాలదు. ఇరవైమందికి ఒకరు చొప్పున సీనియర్ అమ్మాయిలు వరసల మధ్య తిరగాలి. ఎర్రర్ వచ్చి ఆగిపోయిన పిల్ల చెయ్యెత్తదు, పక్కదాని స్క్రీన్ చూస్తూ కూర్చుంటుంది.

ఇవన్నీ కుదిరితే మాత్రం మొదటిసారి గిట్ (కోడ్‌లో చేసిన మార్పుల లెక్క ఉంచే సాధనం) నేర్చుకునేవాళ్లకి ల్యాబే మేలు. ప్రాజెక్టు చేతిలో ఉన్నవాళ్లకి బెంగళూరు. రెంటికీ ఒకే పిల్లల్ని లెక్కేస్తున్నారు కాబట్టే ఈ వాదన తెగట్లేదు.

కావలి కోడర్: సరే, ఒప్పుకుంటా. మరి ఆ నలుగురు ఎవరు? మార్కుల్లో మొదటి నలుగురేగా చివరికి పొయ్యేది.

పెన్నా గట్టు: అక్కడే చెడుతుంది. గిట్‌హబ్ చూసి ఎంచండి, మార్క్ షీట్ చూసి కాదు.

ఒంగోలు సీఎస్‌ఈ లెక్చరర్: ప్రయాణం, హాజరు సంగతి కూడా ఎవరైనా చెప్పండి.

సింహపురి సిస్టమ్స్: శేషాద్రి ఎక్స్‌ప్రెస్ ఒంగోలు, నెల్లూరు మీదుగానే పోతుంది కానీ బెంగళూరు చేరేసరికి బాగా పొద్దెక్కుతుంది, మొదటి ప్రసంగం అందదు. ఒకరోజు ముందు బయల్దేరండి. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు. తత్కాల్‌ని నమ్ముకుంటే స్లీపర్‌కి ముందురోజు పొద్దున 11 గంటలకి అందరూ ఒకేసారి పడతారు. హాజరుకి 75 శాతం గీత ఉంది కదా, ఆన్ డ్యూటీ ఉత్తర్వు (కాలేజీ పని మీదే వెళ్లారని హాజరు ఇచ్చే కాగితం) వెళ్లకముందే చేతిలో ఉండాలి. వచ్చాక అడిగితే సంతకం పెట్టేవాళ్లు దొరకరు. హాస్టల్ అమ్మాయిలకి ఇంట్లోవాళ్ల సంతకం, తోడుగా మేడం ఒకరు. ఆ మేడం టికెట్టు, బస కూడా బడ్జెట్‌లో వేసుకోండి, నలుగురంటే ఖర్చు అయిదుగురికి.

కాన్ఫరెన్స్‌కి వెళ్లడానికి స్కాలర్‌షిప్ ఉంటే ఫారం నెలల ముందే మూస్తారు. కాలేజీ ఐడీలో ఇంటిపేరు పొడి అక్షరం, ఆధార్‌లో పూర్తిగా ఉంటే తిప్పి పంపే ప్రమాదం ఉంది. కాలేజీ ఇచ్చే బోనఫైడ్ సర్టిఫికెట్‌లో పేరు ఆధార్‌లో ఉన్నట్టే రాయించండి. కొన్నిచోట్ల డబ్బు ముందు మనం పెట్టుకుని తర్వాత రాబట్టుకోవాలి. పేరు లేని హోటల్ బిల్లు, ఆటో చీటీ చెల్లవు.

కందుకూరు వాసి: ఆ అయిదో టికెట్టు డిపార్ట్‌మెంట్ ఇస్తుందా, మేడం జేబులోంచా? అది తేల్చి పిల్లల పేర్లు రాయండి.