అప్‌డేట్: తమ్ముడి ఫైర్‌ఫైటర్ పాలీగ్రాఫ్ అయిపోయింది

టెక్సస్‌లో ఒక సిటీ ఫైర్ డిపార్ట్‌మెంట్‌కి అప్లై చేసిన మా తమ్ముడిని పాలీగ్రాఫ్‌కి (లై డిటెక్టర్ టెస్ట్) పిలిచారని, కాలేజీ రోజుల్లో గంజాయి తాగిన సంగతి, పాత స్పీడింగ్ టికెట్ చెప్పాలా వద్దా అని ఇక్కడ అడిగాను. వాడికి కండిషనల్ ఆఫర్ (మిగతా టెస్టులు పాసైతేనే ఖాయమయ్యే ఉద్యోగం) వచ్చింది! జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

పనికొచ్చింది ఒక్క సలహానే: "పర్సనల్ హిస్టరీ ఫారంలోనే (మన గతం వివరాలు రాసిచ్చే ఫారం) అన్నీ రాసెయ్యండి, అక్కడ రాసిందే టెస్ట్ గదిలోనూ చెప్పండి." వాడు అలాగే చేశాడు. మిషన్ తగిలించకముందే ఎగ్జామినర్ ఫారం ముందు పెట్టుకుని చాలాసేపు మాట్లాడారట. అడగబోయే ప్రశ్నలన్నీ ముందే చదివి వినిపించారు. ఆ తర్వాతే ఛాతీకి బెల్టులు, చేతికి బీపీ పట్టీ, వేళ్లకు సెన్సర్లు. అవును, కాదు అనడమే. గంజాయి గురించి గుచ్చి గుచ్చి అడిగారు, ఎప్పుడు మానేశావన్నది మరీ. టికెట్‌ని అసలు పట్టించుకోలేదు.

ఈ టెస్ట్ చట్టవిరుద్ధం అన్నవాళ్లకు: లాయర్‌ని అడిగాం. 1988 నాటి అమెరికా ఫెడరల్ చట్టం ఈ టెస్ట్ పెట్టకుండా చాలావరకు ప్రైవేటు కంపెనీలనే ఆపుతుంది, సిటీ, కౌంటీ ఉద్యోగాలకు వర్తించదు. ఇష్టం లేకుండా పాలీగ్రాఫ్ చేయకూడదన్న మన ఇండియా సుప్రీంకోర్టు 2010 తీర్పు నేర విచారణ గురించి, దానికీ దీనికీ సంబంధం లేదు.

టెస్ట్‌ని మోసం చేయడానికి ఊపిరి బిగబట్టడం లాంటి యూట్యూబ్ చిట్కాల జోలికి దయచేసి పోకండి. ఎగ్జామినర్లు వాటిని కూడా గమనిస్తారు. టెన్షన్ అందరికీ ఉంటుంది, మా వాడికీ చేతులు చెమటలు పట్టాయి, అయినా పాసయ్యాడు. ఇక మెడికల్ మిగిలింది.