ప్లాక్‌లు గుర్తించే మోడల్ కొత్త బ్యాచ్ స్లైడ్ల మీద ఎందుకు తడబడుతోంది?

న్యూరో_స్కాలర్
అల్జీమర్స్ మెదడు టిష్యూలో అమైలాయిడ్ ప్లాక్‌లు (అమైలాయిడ్ ప్రోటీన్ పేరుకున్న మచ్చలు) గుర్తించడానికి యూ-నెట్ (చిత్రంలో కావాల్సిన భాగాన్ని పిక్సెళ్ల వారీగా గుర్తించే న్యూరల్ నెట్‌వర్క్) మోడల్‌కి ట్రైనింగ్ ఇస్తున్నాం. మొత్తం 24 కేసులు. ఒక్కో కేసు నుంచి మిడిల్ ఫ్రంటల్ గైరస్ (మెదడు ముందు భాగంలోని ఒక మడత) సెక్షన్ ఒకటి, మందం 5 మైక్రాన్లు. 4జీ8 యాంటీబాడీ (అమైలాయిడ్‌కి అతుక్కునేది), డ్యాబ్ (అది అతుక్కున్న చోట గోధుమ రంగు తెచ్చేది), పైన హెమటాక్సిలిన్ (కణ కేంద్రకాలకి నీలం రంగు). స్కాన్ 20ఎక్స్‌లో, పిక్సెల్‌కి 0.5 మైక్రాన్. 256 పిక్సెళ్ల ప్యాచ్‌లు (చిన్న చదరపు ముక్కలు) కోసి, అన్నీ కలిపేసి ట్రైనింగ్‌కీ టెస్ట్‌కీ 80:20గా విడగొట్టాం. టెస్ట్‌లో డైస్ స్కోరు (మోడల్ గుర్తించింది, మనిషి గీసింది ఎంత కలుస్తున్నాయో చెప్పేది, పూర్తిగా కలిస్తే 1) 0.88. వేరే బ్యాచ్‌లో స్టెయిన్ చేసిన 6 కేసుల మీద మాత్రం 0.61. ఇంకా పెద్ద మోడల్ వాడాలా, డేటా పెంచాలా? ముందు ఏది చూడాలో చెప్పండి.

పిక్సెల్_లెక్క
మోడల్ జోలికి ఇప్పుడే వెళ్ళకండి. ముందు ఆ 0.88నే పక్కన పెట్టండి. ఒకే సెక్షన్‌లో పక్కపక్కన ఉన్న ప్యాచ్‌లకి స్టెయిన్ గాఢత, బ్యాక్‌గ్రౌండ్ అన్నీ ఒకటే. కొన్ని ట్రైనింగ్‌లో, కొన్ని టెస్ట్‌లో పడితే మోడల్ తను చూసిన స్లైడ్‌నే మళ్ళీ చూస్తోంది. విడగొట్టాల్సింది ప్యాచ్‌లని కాదు, కేసులని. 24 కేసులని 6 గ్రూపులు చేయండి, గ్రూపుకి 4. ప్రతి గ్రూపులోనూ ప్లాక్‌లు ఎక్కువున్నవి, తక్కువున్నవి రెండూ పడాలి. సైకిట్-లెర్న్‌లో (పైథాన్ లైబ్రరీ) గ్రూప్ కే-ఫోల్డ్‌కి కేసు నంబరు ఇస్తే కేసులు చీలవు గానీ, ఈ సర్దుబాటు అది చేయదు. దానికి స్ట్రాటిఫైడ్ గ్రూప్ కే-ఫోల్డ్ వాడండి, లేదా చేత్తో పంచండి. స్కోరు తగ్గుతుంది. ఆ తగ్గిన స్కోరే మీ అసలు స్కోరు.

ఇంకోటి, 256 పిక్సెళ్లంటే 128 మైక్రాన్లే. పెద్ద డిఫ్యూజ్ ప్లాక్ (అంచు స్పష్టంగా లేకుండా పరుచుకున్నది) ప్యాచ్ అంచు దగ్గర తెగిపోతుంది. 512 తీసుకుని, ప్రిడిక్షన్‌లో ప్యాచ్‌లు నాలుగో వంతు ఒకదాని మీద ఒకటి వచ్చేలా పెట్టి, మధ్య భాగాన్నే ఉంచండి.

హిస్టో_బెంచ్
మిగిలిన తేడా కంప్యూటర్‌లో కంటే స్టెయినింగ్ బెంచ్ మీదే ఉండే అవకాశం ఎక్కువ. 4జీ8కి ముందు ఫార్మిక్ యాసిడ్ (యాంటీబాడీకి అమైలాయిడ్ అందేలా చేసేది) ఎంత శాతం, ఎన్ని నిమిషాలు అన్నది రెండు బ్యాచ్‌ల్లోనూ ఒకటేనా? అందులో తేడా ఉంటే డిఫ్యూజ్ ప్లాక్‌లు పాలిపోవచ్చు. డ్యాబ్‌ని కంటితో చూసి ఆపకండి, టైమర్ పెట్టండి. ప్రతి ర్యాక్‌లోనూ ఒకే బ్లాక్ నుంచి కోసిన కంట్రోల్ సెక్షన్ ఉండాలి. అది లేకపోతే తేడా జబ్బుదో స్టెయిన్‌దో ఎవరూ తేల్చలేరు. ఫార్మలిన్‌లో మెదడు ఎన్నాళ్ళుందో కూడా కేసువారీగా రాసి పెట్టుకోండి.

రంగు సరిచేయడానికి మాసెంకో నార్మలైజేషన్‌ని (స్లైడ్‌లోని రంగుల్ని విడదీసి అన్నిటినీ ఒకే తీరుకి తెచ్చే పద్ధతి) అలాగే వాడేస్తుంటారు. ప్లాక్‌లు దాదాపు లేని కంట్రోల్ (జబ్బు లేని) మెదడు స్లైడ్‌లో దానికి గోధుమ రంగే దొరకదు. అప్పుడు డ్యాబ్ వెక్టర్‌ని (ఆ రంగుని సూచించే అంకెల్ని) తప్పుగా అంచనా వేసి, ఖాళీ బ్యాక్‌గ్రౌండ్‌కి గోధుమ రంగు పులిమేస్తుంది. మోడల్ అక్కడ లేని ప్లాక్‌లు చూస్తుంది. బ్యాచ్‌లో బాగా స్టెయిన్ అయిన స్లైడ్ నుంచి వెక్టర్లు తీసి, బ్యాచ్ మొత్తానికీ అవే పెట్టండి. ట్రైనింగ్‌లో హెమటాక్సిలిన్, డ్యాబ్ చానెళ్ళని విడివిడిగా కొంచెం పెంచుతూ తగ్గిస్తూ ఆగ్మెంటేషన్ చేస్తే ఇంకా మంచిది.

ఒక్క జాగ్రత్త: డ్యాబ్ కాంతిని పీల్చుకోవడమే కాదు, చెదరగొడుతుంది కూడా. కాబట్టి ముదురు రంగు చూసి ప్రోటీన్ ఎక్కువుందని రాయొద్దు.

ప్లాక్_గీత
ప్లాక్‌ల చుట్టూ గీతలు గీసింది ఎంతమంది? డిఫ్యూజ్ ప్లాక్ అంచు ఇద్దరికి రెండు రకాలుగా కనిపిస్తుంది. కొన్ని స్లైడ్లు ఇద్దరి చేతా, ఒకరిది ఒకరు చూడకుండా, క్యూపాథ్‌లో (స్లైడ్ చిత్రాల సాఫ్ట్‌వేర్) గీయించండి. మనుషుల మధ్యే డైస్ 0.70 ఉంటే మోడల్ నుంచి 0.90 ఆశించడంలో అర్థం లేదు. కోర్డ్ (మధ్యలో ఒత్తైన ముద్ద ఉన్నవి), డిఫ్యూజ్, రక్తనాళాల గోడల్లోని అమైలాయిడ్, ఈ మూడింటికీ వేరు వేరు లేబుళ్ళు ఇవ్వండి. 2019లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ బృందం ఈ మూడు వర్గాలతోనే 70,000కు పైగా ప్లాక్ అభ్యర్థులకి లేబుళ్ళు వేసి, డేటాని అందరికీ అందుబాటులో పెట్టింది. బయటి టెస్ట్‌కి పనికొస్తుంది.

ప్లాక్ కానివి కూడా కావాలనే ఏరి పెట్టాలి: న్యూరాన్లలో గోధుమగా కనిపించే లిపోఫ్యూసిన్ (వయసుతో పేరుకునే రంగు పదార్థం), సెక్షన్ మడతలు, గాలి బుడగలు. 4జీ8 అమైలాయిడ్‌లో 17–24 అమైనో ఆమ్లాల భాగాన్ని పట్టుకుంటుంది. ఆ భాగం మాతృ ప్రోటీన్ ఏపీపీలోనూ ఉంది కాబట్టి న్యూరాన్ల లోపల కూడా లేతగా స్టెయిన్ అవుతుంది. అలాంటి ప్యాచ్‌లు ట్రైనింగ్‌లో లేకపోతే మోడల్ న్యూరాన్లనే ప్లాక్‌లంటుంది.

న్యూరో_స్కాలర్
చాలా థాంక్సండి. కేసులవారీగా మళ్ళీ విడగొడతాం. చివరికి పేపర్లో ప్లాక్‌ల సంఖ్య ఇవ్వాలా, విస్తీర్ణమా? థాల్ ఫేజ్‌తో పోల్చి చూపిద్దామనుకుంటున్నాం.

పిక్సెల్_లెక్క
విస్తీర్ణమే. గ్రే మ్యాటర్‌ని విడిగా గుర్తించి, అందులో ఎంత శాతమో ఇవ్వండి. రెండు ప్లాక్‌లు అతుక్కుంటే సంఖ్య మారుతుంది, శాతం పెద్దగా కదలదు. గణాంకాల్లో ఎన్ (నమూనాల సంఖ్య) అంటే 24, ప్యాచ్‌ల లెక్క కాదు.

థాల్ ఫేజ్ మాత్రం ఇక్కడ సరైన జోడీ కాదు. అది అమైలాయిడ్ మెదడులో ఏయే ప్రాంతాలకి పాకిందో చెబుతుంది, ఒక్క ఫ్రంటల్ సెక్షన్‌లో ఎంత ఒత్తుగా ఉందో చెప్పదు. సెరాడ్ స్కోరు (ప్లాక్‌లు ఎంత ఒత్తుగా ఉన్నాయో చెప్పే గ్రేడు) దగ్గరగా ఉంటుంది. అయితే అది చూసేది న్యూరిటిక్ (దెబ్బతిన్న నరాల తంతువులున్న) ప్లాక్‌లనే, మీ 4జీ8 డిఫ్యూజ్‌వీ కలిపేస్తుంది. అందుకే పోలిక బలహీనంగా వస్తే మోడల్‌ని తప్పుపట్టే ముందు కోర్డ్ ప్లాక్‌ల శాతాన్ని ఒక్కదాన్నే తీసి సెరాడ్‌తో పోల్చి చూడండి.