అప్‌డేట్: కారు కార్పెట్ శుభ్రం చేయడం ఎక్కడ ఆపాలి?

పాత కారు కొన్నాను, కార్పెట్ ఎంత కడిగినా వాక్యూమ్ పీల్చే నీళ్లు మురికిగానే వస్తున్నాయి, ఎక్కడ ఆపాలి అని అడిగాను కదా. పని పూర్తయింది. సలహాలిచ్చిన అందరికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు.

అన్నిటికంటే ఉపయోగపడింది “తడపకముందే దుమ్ము తీయండి” అన్న మాట. సీట్లు వెనక్కి జరిపి, బ్రష్షుతో పోగులను ఎదురుదిక్కుకు దువ్వుతూ వాక్యూమ్ పెడితే, పెడళ్ల కింది నుంచి సన్నటి ఎర్రమట్టి వస్తూనే ఉంది. అది తడిస్తే బురదై పోగుల మొదళ్లలోకి దిగిపోతుంది. తర్వాత షాంపూ కొద్దిగానే వాడి, ఉత్తి గోరువెచ్చని నీళ్లు చల్లి పీల్చాను. షాంపూ మిగిలిపోతే జిగటగా మారి కొత్త దుమ్మును పట్టేస్తుంది. అందుకే రుద్దడం కంటే జాడించడం మీదే ఎక్కువ సమయం పెట్టాను.

నీళ్లు పూర్తిగా తేటపడాలని పట్టుబట్టడం అనవసరం. కార్పెట్ అడుగున ఉండే ఫోమ్ (స్పాంజి) పొరలోని పాత మురికి కొంత వస్తూనే ఉంటుంది. దాని కోసం ఇంకా నీళ్లు పోస్తే ఫోమ్ నాని ముక్కిపోయిన వాసన పట్టుకుంటుంది. తడి తెల్లగుడ్డతో గట్టిగా అద్ది చూస్తే లేత గోధుమ ఛాయ మాత్రమే అంటింది. తలుపులు తెరిచి, ఫ్యాను పెట్టి ఆరబెట్టాక పోగులు మెత్తగా విడివిడిగా ఉన్నాయి. రాత్రంతా తలుపులు మూసి ఉంచినా వాసన లేదు. నాకు ఇంత చాలు. వెనక సీటు ముందు పాత నూనె మరక ఒకటి మిగిలింది, దాని మీద మ్యాట్ వేస్తాను.