బాస్ గిటార్‌లో బజ్: ట్రస్ రాడ్ మనమే తిప్పొచ్చా?

కాజీపేట_బాస్: మా చర్చిలో 4 స్ట్రింగుల బాస్ నేనే వాయిస్తాను. క్రిస్మస్ అయ్యాక 45-105 సైజు స్ట్రింగుల సెట్ తీసేసి, దానికన్నా సన్నని 40-100 వేశాను. అప్పటి నుంచి లావు స్ట్రింగ్ మీద 1 నుంచి 4 ఫ్రెట్ల (నెక్ మీది అడ్డ లోహపు కమ్మీల) దాకా బజ్, అదే జర్రుమనే శబ్దం, వస్తోంది. 12 దాటితే శుభ్రంగా ఉంది. నెక్ లోపల వంపు సరిచేసే కడ్డీ, అదే ట్రస్ రాడ్, తిప్పాలంటే టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

హన్మకొండ_పెద్దన్న: రాడ్ జోలికి పోకు తమ్ముడూ. బ్రిడ్జ్ దగ్గర స్ట్రింగ్ ఆనే శాడిల్ కొంచెం లేపు, చాలు. నా గిటార్ ఒక రిపేరు షాపులో ఇస్తే రాడ్ బిగించి బిగించి తెంపారు. నెక్ పనికిరాకుండా పోయింది. మీరు తెచ్చినప్పుడే అలా ఉందని చేతులు దులుపుకున్నారు.

నక్కలగుట్ట_డ్రమ్స్: ఆంప్‌లో వినిపిస్తోందా? లేకపోతే వదిలెయ్.

కాజీపేట_బాస్: వినిపిస్తోంది అన్నా.

లోఎండ్_వరంగల్: శాడిల్ లేపితే బజ్ తగ్గొచ్చు గానీ పై ఫ్రెట్ల దగ్గర స్ట్రింగ్ ఎత్తుగా నిలబడి వేళ్లు నొప్పెడతాయి. బజ్ ఎక్కడ వస్తుందో చూస్తే కారణం సగం దొరికినట్టే. ఎక్కడా నొక్కని ఓపెన్ స్ట్రింగ్ మీద మాత్రమే వస్తే నట్ (నెక్ పైకొసన స్ట్రింగులు ఆనే పట్టీ) గాడి అరిగి ఉంటుంది. 12 పైన వస్తే శాడిల్ కిందికి ఉండాలి, లేదా ఏదో ఫ్రెట్ లేచి ఉండాలి. మొదటి నాలుగైదు ఫ్రెట్లలోనే వస్తే ఎక్కువసార్లు నెక్‌లో రిలీఫ్, అంటే ఉండాల్సిన కొద్దిపాటి వంపు, చాలకే. నువ్వు సన్న స్ట్రింగులు వేశావు, లాగే బలం తగ్గింది. లోపల రాడ్ మాత్రం పాత సెట్‌కు బిగించిన బిగువులోనే ఉంది. అందుకే నెక్ నిటారుగా అయిపోయి ఉంటుంది.

ముందు కొలువు. ట్యూన్ చేసి, వాయించేటప్పుడు పట్టుకున్నట్టే పట్టుకో. లావు స్ట్రింగ్‌ను మొదటి ఫ్రెట్ దగ్గర, నెక్ బాడీని కలిసే ఫ్రెట్ దగ్గర నొక్కి పట్టి, 7, 8 ఫ్రెట్ల దగ్గర స్ట్రింగ్‌కూ ఫ్రెట్‌కూ మధ్య సందు చూడు. 0.3 నుంచి 0.4 మిల్లీమీటర్లు ఉంటే మంచిది. బైకు ట్యాపెట్లు సెట్ చేసే మెకానిక్ దగ్గర సందు కొలిచే సన్నటి ఆకుల ఫీలర్ గేజ్ ఉంటుంది, అడుగు. సందు లేకపోతే రాడ్ కొసనున్న బిగింపు నట్టును గడియారం ముల్లుకు ఎదురు దిక్కున పావు చుట్టు లోపే తిప్పి, మళ్ళీ ట్యూన్ చేసి కొలువు. అలెన్ కీ నట్టులో ఆడకుండా కూర్చోవాలి. వదులుగా ఉన్న కీ పెడితే అంచులు అరిగిపోతాయి.

హన్మకొండ_పెద్దన్న: పావు చుట్టు, పావు చుట్టు అంటూనే నాది తెంపారు.

లోఎండ్_వరంగల్: మీది బిగించి తెంపారు. ఈయన వదులు చేయాలి. వదులు చేస్తే రాడ్ ఎలా తెగుతుంది?

హన్మకొండ_పెద్దన్న: చేయి తడబడి రెండో వైపు తిప్పితే? నష్టపోయింది నేను. మీ ఇంట్లో కూర్చుని కొలతలు రాయడం తేలికే.

లోఎండ్_వరంగల్: మీకు అన్యాయం జరిగింది, కాదనను. దాన్ని పట్టుకుని ఊళ్లో ప్రతి పిల్లాడినీ భయపెడతారా?

నక్కలగుట్ట_డ్రమ్స్: ఇద్దరూ కాస్త తగ్గండి.

హన్మకొండ_పెద్దన్న: భయపెట్టడం కాదు. ఆ గిటార్ ఆయన సొంతం కాదు, చర్చి కానుకల డబ్బుతో కొన్నది. చెడిపోతే సంఘం ముందు ఈ పిల్లాడొక్కడే నిలబడాలి, మీరూ నేనూ కాదు. నా బాధ అది.

లోఎండ్_వరంగల్: ఈ మాట మొదటే చెప్పాల్సింది. నా బాధ కూడా చెప్తాను. హైదరాబాద్ ఇక్కడి నుంచి 140 కిలోమీటర్ల పైనే. ఈ బజ్ కోసం అంతదూరం ఎవరూ మోయరు, గిటార్ మూలకు చేరుతుంది. మే ఎండకు ఒకలా, ఆగస్టు తేమకు ఒకలా చెక్క కదులుతూనే ఉంటుంది. ప్రతిసారీ బయటివాళ్ల మీద ఆధారపడితే ఈ పని వరంగల్‌లో ఎవరికి వస్తుంది?

హన్మకొండ_పెద్దన్న: నేర్చుకోవద్దని అనలేదు. పెద్దలకు చెప్పి, ఇంకొకరిని పక్కన పెట్టుకుని చేయమంటున్నాను. వదులు చేసేదాకా సరే. బిగించాల్సి వస్తే మాత్రం నాకు కబురు చెయ్యి తమ్ముడూ, నేనొస్తాను.

కాజీపేట_బాస్: పాస్టరు గారిని అడిగాను, సరే అన్నారు. ఆదివారం ఆరాధన అయ్యాక చేస్తాను. ఫీలర్ గేజ్ మా వీధి మెకానిక్ ఇస్తానన్నాడు. 0.3 ఆకు దూరిందో లేదో ఇక్కడే రాస్తాను.